పుచ్చులేని కట్టె

గలిలయ, కెఫర్ అగోజు
ఇయ్యారు నెల, పదమూడో రోజు

తమ్ముడు పెలత్యాకు,

అక్క షప్పీరా చెబుతుంటే చినమామయ్య నహూము రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, మీ బావ జక్కూరు, పిల్లలు, మేకలు అందరం బాగున్నాం. నీ సంగతి తెలియక నా మనసొక్కటే బాగాలేదు.

మన వంతు వారం అయిపోయి పదిహేను రోజులైంది. ఎవరి వారం వాళ్ళు దేవాలయంలో సేవ చేసి ఇళ్ళకు పోతారని నాన్న చెప్పేవాడు కదా. మరి నువ్వేమయ్యావు? మన ఊళ్ళో యాజకుల కొంప మనదొక్కటే, అడగడానికి ఇంకో గడప లేదు. గాడిదలు తోలే ఆసా వచ్చి, "మీవాడు అక్కడే ఉండిపోయాడమ్మా, నిక్షేపంగా ఉన్నాడు" అని ఒక ముక్క చెప్పి, రెండు రొట్టెలు తిని పోయాడు. ఆ ఒక్క ముక్కకు రెండు రొట్టెలు ఎక్కువే.

యాజకుల పరీక్ష సంగతి రాయి. పెద్దలు వరసగా కూర్చుని ముందు వంశం అడుగుతారట, తర్వాత లోపముందేమోనని ఒళ్ళంతా చూస్తారట. చేతులు కూడా చూశారా? దగ్గరగా చూశారా, పైపైన చూశారా? ఊరికే అడుగుతున్నాను. నాన్నకు జన్మలో ఒక్కసారి ధూపం వేసే వంతు వచ్చింది. పోయేదాకా ఆ వాసన చెబుతూనే ఉన్నాడు. అమ్మ లేని పసివాడివి, నిన్ను చంకనేసుకుని తిరిగినన్నాళ్ళూ నాది ఒకటే ఆశ. నువ్వూ ఒకరోజు తెల్లబట్టలు కట్టుకుని ఆ బలిపీఠం మీదికి పోయే వాలు ఎక్కాలని.

ఇంకో మాట. నువ్వు పరీక్షలో నెగ్గితే బలిపీఠానికి రెండు కట్టెలు ఇస్తానని మొక్కుకున్నాను. రెండుకు తగ్గితే అది మొక్కే కాదని చినమామయ్య అన్నాడు. ఆడదాని మొక్కు కాదనాలంటే మొగుడు ఆ పొద్దు గూకేలోపు చెప్పాలి. మీ బావ కాయధాన్యాల పులుసు తింటూ విన్నాడు, ఇంకో గిన్నె పోయించుకున్నాడు, పడుకున్నాడు. అంటే ఒప్పుకున్నట్టే. ఇక నీదే ఆలస్యం.

నహూము సొంత మాట: ఒరే పెలత్యా, ఈవిడ రోజూ మా ఇంటికొచ్చి ఉత్తరం వచ్చిందా అని అడుగుతోంది. నా ముసలి ప్రాణం మీద దయుంచి రెండు ముక్కలు రాయి.


యెరూషలేము, దేవాలయం
సీవాను నెల, రెండో రోజు

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఆలస్యమైనందుకు తిట్టు, పడతాను.

పరీక్ష అయింది. మన వంశం చదివి వినిపించినప్పుడు ఏ పెద్దమనిషీ మధ్యలో ఆపలేదు. నాన్న పేరు చెప్పగానే ఒక ముసలాయన తలెత్తి, "ధూపం రోజున దగ్గిన గలిలయ మనిషి కొడుకువా?" అన్నాడు. నాన్న దగ్గిన సంగతి మనకు ఎన్నడూ చెప్పలేదు చూశావా.

నన్ను ఇక్కడే ఉంచుకున్నారు. వారం కాదు, ఉన్నన్నాళ్ళూ ఉండమన్నారు. బలిపీఠం మీద మంట పగలూ రాత్రీ ఆరకూడదు కదా, ఆ మంటకు సంబంధించిన పనే నాకిచ్చారు. మత్తన్యా అనే తాత దగ్గర నేర్చుకుంటున్నాను. ఆయనకు ఒక కాలు పొట్టి, నాలుక పొడుగు. నేను నోరు విప్పితే చాలు, "ఒరే గలిలయోడా, ఆ మాటలు నమిలి మింగకు, బయటికి ఉమ్ము" అంటాడు. మన యాస వీళ్ళకు పెద్ద వేడుక.

తిండికి లోటు లేదు. నైవేద్యాల మాంసంలో నా వాటా నాకు వస్తుంది. రాతి నేల మీద ఒట్టికాళ్ళతో నడవడం, రోజూ మాంసం తినడం, దాంతో ఇక్కడ అందరికీ కడుపునొప్పే. యాజకుల కడుపుల కోసం విడిగా ఒక వైద్యుడే ఉన్నాడు. నీ పులుసు గుర్తొచ్చింది.

మొక్కు విషయం తొందరేం లేదు. బావకు, పిల్లలకు నా మాట చెప్పు.


కెఫర్ అగోజు
ఆబు నెల, ఏడో రోజు

నా తండ్రీ పెలత్యా,

నీ ఉత్తరం చినమామయ్యతో నాలుగుసార్లు చదివించాను. ఐదోసారి అడిగితే గొంతు పోయిందన్నాడు. పిల్లలకు తేనె వేసి రొట్టెలు చేశాను. మీ బావ, "పండగ ఎవరిది?" అన్నాడు. "మనదే" అన్నాను.

ఇప్పుడు చెబుతున్నాను, ఇన్నాళ్ళూ నాకు నిద్రలేదు. ఎందుకో అడగకు. నువ్వు నెగ్గావని తెలిశాక ఒళ్ళెరగకుండా పడుకున్నాను, పొద్దెక్కాక మేకలు అరిస్తే లేచాను.

పక్కింటి మెహేటబేలు సంగతి తెలుసుగా, ఎవరింట్లో మంచి జరిగినా ఆవిడకు తలనొప్పి. నూతి దగ్గర, "మీవాడిని నిజంగా పీఠం దాకా రానిచ్చారా?" అంది. "పీఠం దాకా ఏమిటమ్మా, మంటే మావాడి చేతిలో పెట్టారు" అన్నాను. ఆ పూట నీళ్ళు తోడుకోవడం మరిచిపోయి ఖాళీ కుండతో ఇంటికి పోయింది.

మొక్కు రోజే పెరట్లో అంజూరపు కొమ్మ కొట్టించి రెండు కట్టెలు సిద్ధం చేయించాను. ఆసా గాడిద మీద పంపుతున్నాను. ఆబు పదిహేనున దేశమంతా కట్టెలు తెచ్చే రోజు కదా, ఆ రోజుకు నీ చేతికి ఇస్తాడు. నువ్వే, నీ చేత్తోనే మంటలో పెట్టు. ఎలా మండాయో, ముందు ఏది అంటుకుందో అన్నీ రాయి. పర్ణశాలల పండుగకు నేనే వస్తాను. వాలు ఎక్కే తెల్లబట్టల వాళ్ళలో నువ్వెక్కడ ఉంటావో ముందే గుర్తు చెప్పు, నా కళ్ళు వెతుక్కోకుండా.


యెరూషలేము
ఆబు నెల, పదిహేడో రోజు

అక్కా,

ఈ ఉత్తరం చినమామయ్య నీకు చదివేటప్పుడు పక్కన మెహేటబేలు లేకుండా చూసుకో.

నీ కట్టెలు చేరాయి. రెండిట్లో ఒకటి పుచ్చింది. చివర ఆవగింజంత బొక్క, కింద పిండి రాలింది. పచ్చి ఆరని కొమ్మ అక్కా, తొందరపడి కొట్టించావు. ఎండిన కట్టెలో పుచ్చుంటే అంతమేర చెక్కేసి వాడుకోవచ్చు. పచ్చిదానికి పురుగు పడితే చెయ్యగలిగింది లేదు, అది పీఠానికి పనికిరాదు. అది పనికిరాదని తేల్చి వంటపొయ్యిల కుప్పలో పడేసింది నేనే.

ఎందుకంటే నా పని అదే. నేను మంట దగ్గర లేను. కట్టెల గదిలో ఉన్నాను. పొద్దున్నించి సాయంత్రం దాకా ఒక్కో కట్టె తీసి, తట్టి, తిప్పి, పురుగుందేమో చూస్తాను. లోపమున్న యాజకులు చేసే పని ఇది.

పరీక్షలో వంశం దగ్గర తప్పు దొరకలేదని రాశాను, అది నిజం. తర్వాత చెయ్యి చాపమన్నారు, అది రాయలేదు. ఎడమ చిటికెన వేలు అరచేతిలోకి వంగి ఉండటం చూశారు. సాగదియ్యమన్నారు. సాగలేదు. ఒకాయన తన చేత్తో పట్టి లాగి చూశాడు, పాపం మెల్లగానే లాగాడు. వంశం చెడితే నల్లబట్టలు కట్టించి పంపేస్తారు, అంతా సరిగా ఉంటే తెల్లబట్టలు ఇస్తారు. నాకు రెండూ ఇవ్వలేదు. ఇంటి నుంచి కట్టుకొచ్చిన బట్టలతోనే కట్టెల గదికి పంపారు.

నీ దగ్గర దాచాను. తప్పే. పదిహేనో రోజున ఊళ్ళకు ఊళ్ళు కట్టెలు మోసుకొచ్చాయి, బయట ద్రాక్షతోటల్లో ఆడపిల్లలు తెల్లబట్టల్లో ఆడారు. గది కప్పు దాకా నిండిపోయింది. ఆ గోలలో ఆసా నీ కట్టెలు నా ఒళ్ళో పెట్టి, "మీ అక్క నిన్నే మంటలో పెట్టమంది" అన్నాడు. మంచిది తట్టాను, గట్టిగా పలికింది. రెండోది తట్టగానే చెవికి గుల్ల మోత. మత్తన్యా తాత చూశాడు. పడెయ్యమనలేదు, ఉంచమనలేదు, గోడకేసి తిరిగి కూర్చున్నాడు. కాసేపు ఒళ్ళో పెట్టుకున్నాను. ఎవరికి తెలుస్తుంది అనిపించింది. తర్వాత లేచి పడేశాను. ఆ పని చేశాక నీకు ఇంకో అబద్ధపు ఉత్తరం రాయడానికి చెయ్యి రాలేదు.

నేను నెగ్గలేదు కాబట్టి నీ మొక్కు కట్టుబడలేదని తాత అన్నాడు. మిగిలిన కట్టె నీ సొంతం. నీ మాట వచ్చేదాకా గది మూలన ఉంటుంది.


కెఫర్ అగోజు
ఏలూలు నెల, మూడో రోజు

పెలత్యా,

ఇంటికి వచ్చెయ్యి.

పురుగులు ఏరడానికి నాలుగు రోజులు నడిచి అంత దూరం పోవాలా? నా పప్పుల్లో లేవా? ఇక్కడే కూర్చుని ఏరుకో, పైగా వేడిగా తిండి పెడతాను. వాళ్ళు వద్దన్న గడపలో నువ్వెందుకు? లోపలికి రావద్దన్నారు, బయటికి పొమ్మనలేదు, అలాంటి చోట ఏ మగాడైనా కూర్చుంటాడా? మీ బావకు అక్రోటు తోటలో మనిషి కావాలి. నీకు సంబంధం కూడా చూశాను, పిల్ల పేరు యోకాను, నోరు మంచిది, వేలు వంకరని చూసే రకం కాదు.

ఆసా ఈ నెల పన్నెండున అక్కణ్ణించి తిరిగొస్తాడు. వాడి వెంట బయల్దేరు. నేను పండుగకు రాను. ఏం చూడటానికి రావాలి?

కట్టెను నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో.

నహూము సొంత మాట: ఈవిడ చెప్పినట్టే రాశాను, కానీ చెప్పనిది ఒకటుంది. చెబుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది. కోపం నీ మీద కాదనిపిస్తోంది. ఎవరి మీదో నాకు తెలియదు. రాయొద్దంటుందని చదివి వినిపించకుండా మడుస్తున్నాను.


యెరూషలేము
ఏలూలు నెల, పన్నెండో రోజు

అక్కా,

ఆసా వచ్చాడు. ఉత్తరం మాత్రమే ఇచ్చి పంపుతున్నాను. నేను రావడం లేదు. కోప్పడకుండా చివరిదాకా విను.

మొదటి నెల నేనూ నీలాగే అనుకున్నాను. రోజూ మూట కట్టేవాడిని, రోజూ విప్పేవాడిని. మాలో యోయేజరని ఒకడున్నాడు, వాడి లోపమేమిటో తెలుసా, బట్టతల. చెవి నుంచి చెవి దాకా వెనక ఒక్క వరస వెంట్రుకలుంటే పీఠం ఎక్కేవాడు. అందరికన్నా వాడికే బాధెక్కువ, ఇప్పటికీ ఏవో నూనెలు రాస్తాడు. తాత వాడితో, "ఒరే, అంత నూనె నీ బుర్రకు పోసే బదులు దీపంలో పోస్తే పుణ్యమైనా వచ్చేది" అంటాడు.

ఒకరోజు మాంసం వాటాలు పంచుతున్నారు. నేను తీసుకోనన్నాను. పీఠం పని చెయ్యనివాడికి ఆ తిండెందుకని రోషం. తాత నా గిన్నె లాక్కుని, అందరికన్నా మంచి ముక్క వేయించి తెచ్చాడు. "ఇది ఎవరి పళ్ళెంలోదిరా?" అన్నాడు. మళ్ళీ తనే, "ఆయనది, ఆ దేవుడిది. లోపమున్నవాడు దగ్గరికి రాకూడదని చెప్పిన నోటితోనే, నా రొట్టె మాత్రం వాడు తినొచ్చని చెప్పాడు. అక్కర్లేనివాడికి ఎవడైనా తన కంచంలోంచి తీసి పెడతాడా? ఎందుకు రావద్దన్నాడో నాకు తెలియదు. నలభై ఏళ్ళుగా అడుగుతున్నాను, చెప్పలేదు. తిండి మాత్రం ఒక్కపూట మానలేదు. తిను" అన్నాడు. తిన్నాను. నిజం చెబుతున్నా, అప్పటిదాకా నేను తిన్నదేదీ అంత రుచిగా లేదు.

ఈ కొండ మీద లోపలికి పోయేకొద్దీ మనుషులు తగ్గుతారక్కా. బయట ఆవరణలో లోకమంతా ఉంటుంది. దాని తర్వాత మనవాళ్ళే. ఆ పైన మగవాళ్ళే, ఆ పైన యాజకులే. అన్నిటికన్నా లోపలి గదిలోకి ఏడాదికి ఒక్కరోజు, ఒక్కడు పోతాడు. ఆ గదిలో ఏముందో తెలుసా? ఏమీ లేదు. ఒట్టి బండ. తన పేరు అక్కడ ఉంటుందని ఆయన మాట ఇచ్చాడు, అంతే. ఆ ఖాళీ చోటు ముందు మంట ఆరకూడదని ఇంతమందిమి, ఇంత పరుగు. ఆ మంటలోకి మేము చూడని కట్టె ఒక్కటి కూడా పోదు. పైన వాళ్ళు వేళ్ళు చాపి లెక్కపెట్టుకుని వంతు తేల్చుకుంటారు, వంతు రాక ఏళ్ళు గడిచేవాళ్ళున్నారు. మా గదిలో వంతులు లేవు. రోజూ మా రోజే.

నువ్వు ప్రార్థనకు ఏ దిక్కుకు తిరిగి నిలబడతావో ఆ దిక్కు చివర నేను కూర్చుని ఉన్నాను. పొద్దున నువ్వు తిరిగిన వేళకు నా చేతిలో ఏదో ఒక కట్టె ఉంటుంది.

ఇంకొకటి. మా గది ఎక్కడుందో అడగవేం? ఆడవాళ్ళ ప్రాంగణంలోనే, ఈశాన్యపు మూలన. తెల్లబట్టలు కట్టి వాలెక్కి ఉంటే నీకు నేను దూరాన ఒక చుక్కలా కనబడేవాడిని, అది నేనో కాదో కూడా తెలిసేది కాదు. ఇప్పుడైతే పది అడుగుల్లో ఉంటాను. నా ముఖం చూడొచ్చు, చిక్కిపోయావని తిట్టొచ్చు. రా.

యోకానుకు నోరు మంచిదంటే నమ్మకం కుదరడం లేదు, నువ్వు మెచ్చుకున్న నోరు ఎలా ఉంటుందో నాకు తెలుసు. అయినా తాతను అడిగాను. "పెళ్ళాం వచ్చాక కట్టెలు చూడొద్దని ఎక్కడా లేదు" అన్నాడు.


కెఫర్ అగోజు
ఏలూలు నెల, ఇరవయ్యో రోజు

తమ్ముడూ,

నీ ఉత్తరం విన్నాను. ఇది చెప్పడానికి చినమామయ్యను తలుపు వేయమన్నాను. ఆయన కూడా మధ్యలో మాట్లాడనని మాట ఇచ్చాడు.

నీ వేలు విరిగినప్పుడు నీకు నాలుగేళ్ళు. తిరగలి పైరాయి జారింది. అది ఎవరి తప్పూ కాదు. నాన్న రెల్లు బద్దలు పెట్టి బిగించి కట్టాడు. నలభై రోజులు విప్పొద్దు, నిటారుగా అతుక్కోవాలి, వీడు యాజకుడి కొడుకు అన్నాడు. ఆ చివరి మాట రెండుసార్లు అన్నాడు. నాకు పదమూడేళ్ళు, నాకు అర్థమైంది.

నువ్వు ఏడ్చేవాడివి. తినేవాడివి కాదు. నాన్న తోటకు పోగానే ఆ ఏడుపు మొదలయ్యేది, వినలేకపోయేదాన్ని. మూడో రోజు విప్పాను. కాసేపే అనుకున్నాను. నువ్వు వెంటనే నిద్రపోయావు. ఆ తర్వాత రోజూ విప్పాను. నాన్న వచ్చే వేళకు మళ్ళీ అలాగే కట్టేదాన్ని. నలభై రోజులయ్యాక నాన్న కట్టు తీసి చూశాడు. తర్వాత "నాకు కట్టడం చేతకాలేదు" అన్నాడు. నేను పక్కనే నిలబడి నోరు విప్పలేదు. ఆయన అలా అనుకుంటూనే పోయాడు.

పరీక్షలో చేతులు చూశారా అని అందుకే అడిగాను. నువ్వు నెగ్గావనుకున్న రోజున దేవుడు నన్ను క్షమించేశాడనుకున్నాను. అందుకే ఆ నిద్ర. నిన్ను పీఠానికి దూరం చేసింది పెద్దలు కాదు, నేను. ఇంటికి రమ్మన్నది కూడా నీ కోసం కాదేమో. నువ్వు అక్కడ కూర్చుని కట్టెలు తడుతున్నన్నాళ్ళూ నేను చేసింది నా కళ్ళముందే ఉంటుందని.

నువ్వు పిలిస్తే రావాలనే ఉంది. ఇది తెలిశాక కూడా పిలుస్తావా?

నహూము సొంత మాట: మాట ఇచ్చాను. ఒక్క అక్షరం కలపలేదు.


యెరూషలేము
ఏలూలు నెల, ఇరవై ఆరో రోజు

అక్కా,

నాకు తెలుసు.

నాలుగేళ్ళ వయసు సంగతులు నాకు పెద్దగా గుర్తు లేవు. నాన్న గడ్డం నల్లగా ఉండటం గుర్తు లేదు, రాయి పడటం గుర్తు లేదు, నొప్పి కూడా గుర్తు లేదు. నువ్వు పళ్ళతో ముడి విప్పడం మాత్రం గుర్తుంది. విప్పి వేలి మీద ఊదేదానివి. ఊదుతూ ఏదో పాడేదానివి, పాట రాక మేకల పేర్లే వరసగా పాడేదానివి. ఎవరికీ చెప్పొద్దన్నావు. నేను చెప్పలేదు. మనిద్దరికే తెలిసిన సంగతని గర్వంగా ఉండేది. అమ్మ ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నాకు గుర్తొచ్చేది అదే.

పెద్దలు ఈ వంకర ఎలా వచ్చిందని అడిగారు. "చిన్నప్పటిది" అన్నాను. ఇంకేం చెప్పను? నువ్వు వింటే నీ మీదే వేసుకుంటావని తెలుసు. అందుకే మంటకు సంబంధించిన పని అని అటూ ఇటూ కాకుండా రాశాను. సిగ్గు పడలేదా అంటే పడ్డాను, సగం అదే. మిగతా సగం నువ్వు.

కట్టు విప్పకపోతే వేలు నిటారుగా ఉండేదేమో. పీఠం ఎక్కేవాడినేమో. ఎక్కాలని నాకు ఉండేది, లేదని అబద్ధం చెప్పను. ఇప్పటికీ పొద్దున దేవాలయం తలుపులు తెరిచే చప్పుడుకు ఒక్క క్షణం గుండె అటు పోతుంది. తర్వాత తాత, "ఒరే గలిలయోడా, కట్టె" అంటాడు, ఇటు వచ్చేస్తుంది. నీ మీద నాకు కోపం ఒక్కరోజూ రాలేదక్కా. వెతికి చూశాను కూడా, రాలేదు. పుచ్చు చూడటమే నా పని, ఉంటే దొరికేది.

పిలుస్తావా అని అడిగావు. పిలుస్తున్నాను. మూలనున్న ఆ కట్టెకు జతగా ఇంకొకటి తీసుకురా, ఈసారి మొక్కుగా కాదు, నీ ఇష్టంగా. ఎండలు మొదలైన రోజుల్లో బావ చీల్చిన అక్రోటు చెక్క ఏదైనా సరే. బాగా ఎండినది చూడు. పుచ్చుంటే మొహమాటపడనని ముందే చెబుతున్నాను.


కెఫర్ అగోజు
మర్హెష్వాను నెల, మూడో రోజు

తమ్ముడు పెలత్యాకు,

క్షేమంగా ఇల్లు చేరాం. దారంతా మీ బావ అక్కడ తిన్న పండుగ మాంసం గురించే మాట్లాడాడు. కడుపునొప్పి కూడా వచ్చింది, అది పుణ్యం అంటున్నాడు. పిల్లలు పర్ణశాల ఆకులు మేకలకు వేశారు. వానలు ఇంకా పడలేదు.

అక్కడ నేను సరిగా మాట్లాడలేకపోయాను. నువ్వు గదిలోంచి వచ్చి నిలబడితే నీ జుట్టునిండా చెక్కపొడి చూసి ఏడుపొచ్చింది, నువ్వేమో నవ్వావు, ఇక మాట ఎక్కడిది? చిక్కిపోయావని కూడా తిట్టలేదు. అదే నీకు లోటైతే ఇప్పుడు అంటున్నాను, చిక్కిపోయావు. మత్తన్యా తాతకు ఇచ్చిన అక్రోటు కాయలు పళ్ళు లేనివాళ్ళకు పనికిరావని నాకు తోచలేదు, క్షమించమను. నా అక్రోటు చెక్కను ఆయన కాకుండా నువ్వే తట్టావు, నాలుగు పక్కలా తట్టావు, నా ముఖం ఒక్కసారి కూడా చూడలేదు. గట్టిగా పలికేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు. యోకాను నీ గురించి అడిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆలోచిస్తానంది. ఆలోచించి వద్దనే రకమైతే ఇంతసేపు ఆలోచించదు.

అసలు సంగతి ఇది. పండుగ నాలుగో రోజు పొద్దున, నువ్వు పనిలో ఉన్నప్పుడు జరిగింది, నీకు చెప్పలేదు. నేను ఆడవాళ్ళ మధ్య నిలబడి ఉన్నాను. నా పక్కన యెరికో నుంచి వచ్చిన ఒకావిడ, పట్టంచు పైట, ఒకటే మురిసిపోతోంది. "అదిగో, ఆ వాలు మీద మూడోవాడు, తెల్లగా మెరుస్తున్నాడు చూశారా, మా అబ్బాయి" అని వచ్చినవాళ్ళకల్లా చూపిస్తోంది. నాకేమో ఒక్కడూ కంటికి ఆనలేదు, అందరూ ఒకటే చుక్కల్లా ఉన్నారు. నావైపు తిరిగి, "మీవాళ్ళెవరైనా ఉన్నారా అమ్మా అక్కడ?" అంది.

నిజం చెబుతాను, ఒక్క క్షణం పాతభయం వేసింది. ఇంటి దగ్గరైతే ఏదో ఒకటి అల్లి చెప్పేదాన్ని. అప్పుడే నువ్వు మూల గదిలోంచి చేతులనిండా కట్టెలతో వచ్చి గుమ్మంలో తెల్లబట్టలవాళ్ళకు అందిస్తున్నావు. ఒక్కోటీ వాళ్ళ చేతిలో పెట్టేముందు మళ్ళీ ఒకసారి వేలితో తట్టావు. ఎడమచేతి చిటికెన వేలు. ఆ వంకర కణుపుతోనే తడతావని నాకు అప్పటిదాకా తెలియదు.

"అక్కడ లేడమ్మా, ఇదిగో ఇక్కడ" అని చూపించాను. "పుచ్చు కట్టెలు ఏరతాడు. వాడు సరేననందే మీవాడి చేతికి కట్టె రాదు. వాడిని పెంచింది నేనే."

ఆవిడ నిన్ను చూసింది, నన్ను చూసింది. తర్వాత నాకు బాగా కనబడాలని కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది.